మగ్గం తీసిన చోట

“దారిలో గుంటలో పడి ఆటో ఎగిరి, ఆ డబ్బా నా చేతిలోంచి జారి కాలవలో పడితే అప్పుడేం చేస్తారండీ?” అన్నాను.

అప్పటికింకా ఎవరూ గడప దాటలేదు. డబ్బా కొననూ లేదు.

మా ఆయన హసన్ టీ గ్లాసు కింద పెట్టి, నా మొహం చూసి, మళ్ళీ గ్లాసు అందుకున్నారు. మా అమ్మాయి నిలోఫర్ హాల్ టికెట్ కోసం పుస్తకాలన్నీ దులుపుతోంది. వరండాలో పడక్కుర్చీలో ఉన్న మామయ్య గారు పేపరు పేజీ తిప్పారు. జవాబు ఎవరూ చెప్పలేదు.

మామయ్య గారు జవాబు చెప్పకపోవడం అది పదకొండో రోజు.

“అది కాలవలో పడదు అమ్మీ. బ్యాగులో పెట్టుకుంటావు, బ్యాగు ఒళ్ళో పెట్టుకుంటావు. అంతే,” అంది నిలోఫర్.

“బ్యాగు జిప్పు ఊడిపోయింది కదే.”

“పిన్నీసు పెట్టుకో.”

“పిన్నీసు ఆ చిప్పుకి గుచ్చుకుంటే?”

“వహీదా, నువ్వు తెస్తున్నది ప్రాసెసరు. కోడిగుడ్లు కాదు,” అన్నారు మా ఆయన.

కోడిగుడ్లయితే నాకింత భయం ఉండేది కాదు. అవి నాకు తెలుసు. ఈ ప్రాసెసరనేది నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడలేదు. ముందు గదిలో బల్ల మీద మిగతావన్నీ వచ్చి కూర్చున్నాయి. గాజు పలకతో పెట్టె, అందులో పచ్చటి బోర్డు, మూడు ఫ్యాన్లు, ఇటుక రాయంత గ్రాఫిక్స్ కార్డు, పక్కన విమానం నడిపే కర్ర. రెండేళ్ళు వీధి పిల్లలకి ట్యూషన్లు చెప్పి ఒక్కొక్కటే కొనుక్కుంది నిలోఫర్. అన్నీ తన చేత్తోనే బిగిస్తానంది. ఒక్క ప్రాసెసర్ వస్తే పని అయిపోతుంది. వచ్చే ఆదివారం కాలేజీల మధ్య పోటీ. ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, ఎదురుగాలిలో విమానాన్ని రన్‌వే మీద దింపాలట.

తను వెళ్ళి తెచ్చుకుందామంటే ఆ రోజు వట్లూరు కాలేజీలో పరీక్ష. మా ఆయన వెళదామంటే జూన్ నెల, స్కూలు యూనిఫారాలు కుట్టి ఇవ్వాలి, షాపు వదిలి కదలడానికి లేదు. మిగిలింది నేను. తొమ్మిదో తరగతి దాకా చదివిన నేను, తాడేపల్లిగూడెం వెళ్ళి కంప్యూటర్‌కి మెదడు కొనుక్కు రావాలి.

అసలు భయం అది కూడా కాదు. ఆ బల్ల ఉన్న చోటు.

పదకొండు రోజుల కిందటి దాకా అక్కడ మామయ్య గారి మగ్గం ఉండేది. ఏలూరు తివాచీలు నేసిన చెయ్యి ఆయనది. మూడేళ్ళుగా దాని మీద ఒక్క ముడి పడలేదు. దానికి చెద పడుతుందని, పై దూలం జారి ఆయన కాలి మీదే పడుతుందని నాకు రోజూ భయం. బల్లకి చోటు కావాలని నిలోఫర్ అనగానే, మామయ్య గారు జుమ్మా నమాజుకి వెళ్ళిన గంటన్నరలో ఇద్దరు కూలీలని పిలిచి విప్పించేశాను. దాని మీద మిగిలిపోయిన సగం తివాచీని వంటింటి కత్తెరతో నేనే కోశాను. ఆయన మసీదు నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి చూసి, చెప్పులు కూడా విప్పకుండా వరండాలోకి పోయి కూర్చున్నారు.

అంతే. అప్పటినుంచి ఆ గదిలో అడుగు లేదు, నోట మాట లేదు. టీ కావాలంటే గ్లాసు ముందుకి జరుపుతారు. వద్దంటే మూత పెడతారు.

మూడో రోజున పక్కింటి వీరరాఘవమ్మ గారు గోడ మీంచి తొంగి చూసి, “మీ మామ గారికి గొంతేమైనా పట్టేసిందా వహీదా? డాక్టరుకి చూపించారా?” అన్నారు. గొంతు కాదండీ, కోపం అని చెప్పాను గానీ, ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. నిజంగానే గొంతేమోనని.

ఈ మిషను కనక సరిగ్గా నడవకపోతే, మగ్గం ఊరికే పీకేసినట్టవుతుంది. ఇంక ఆయన గొంతు నేను ఈ జన్మలో వినను.

నిలోఫర్ నా చేతిలో చీటీ పెట్టింది. “ఇందులో ఏం రాశానో అదే అమ్మీ. షాపులో చరణ్ ఇంకేం చూపించినా సరే, ఇదే.”

“తెలుసులేవే.”

“సొంత తెలివి వద్దు.”

“నాకు సొంత తెలివి ఉందని ఈ ఇంట్లో ఎవరైనా ఒప్పుకున్నారా?”

వరండా దాటుతూ, “మామయ్య గారూ, గూడెం వెళ్ళొస్తానండీ,” అన్నాను. పేపరు ఇంకాస్త పైకి లేచింది.

*

గూడెంలో రైలు దిగేలోపల చీటీని ఏడుసార్లు చూసుకున్నాను. ఎనిమిదోసారి చూస్తే అక్షరాలు చెరిగిపోతాయేమోనని మానేశాను.

కంప్యూటర్ షాపు మందుల కొట్టు మీద, మొదటి అంతస్తులో ఉంది. కుర్రవాడు చరణ్‌తేజ, నిలోఫర్‌కి కాలేజీలో సీనియరు. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి పెద్ద తెర ముందు కూర్చుని, తల తిప్పకుండా, “ఒక్క నిమిషం అమ్మా, దింపేసి వస్తాను,” అన్నాడు.

ఏం దింపుతున్నాడో అని చూశాను. తెర నిండా గళ్ళు. నీలం గడి, పచ్చ గడి, మట్టి రంగు గడి, మధ్యలో సన్నటి గీతలు.

“ఇదేంటి బాబూ, తివాచీయా?”

“కొల్లేరు అమ్మా. ఆ గళ్ళన్నీ చేపల చెరువులు. పైనుంచి అలా కనిపిస్తాయి.”

నా కాళ్ళ కింద నేల ఉన్నట్టే ఉంది గానీ, తెరలో కొల్లేరు మొత్తం ఒక పక్కకి లేచిపోయింది. నేను కౌంటర్ పట్టుకున్నాను.

“ఒరిగిపోతోంది బాబూ! పడిపోతుంది, ఆపు!”

“పడట్లేదమ్మా, తిప్పుతున్నాను.”

“గూడబాతులు అడ్డం వస్తే?”

“ఇందులో పక్షులు లేవమ్మా.”

“ఇందులో లేకపోతే మీకు అలవాటెలా అవుతుంది?”

కొల్లేరు వెనక్కి పోయింది, వరిచేలు వచ్చాయి, చేల మధ్యలో పొడుగ్గా బూడిద రంగు గీత ఒకటి పెద్దదవుతూ వచ్చింది. ఒక్క కుదుపు. ఆగింది.

“మన గూడెం పాత రన్‌వే అమ్మా. యుద్ధం రోజుల్లో వేసింది. నిజంగా ఇప్పుడక్కడ విమానాలేం దిగవు. నేను మాత్రం రోజూ రెండుసార్లు దిగుతాను,” అని నవ్వి లేచాడు.

నేను కౌంటర్ వదిలి, చీటీ ఇచ్చాను. చిన్న డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. దాని మీద ఎనిమిది అంకె వేసి ఉంది.

“ఎనిమిది ఏంటి బాబూ?”

“కోర్లమ్మా. లోపల పని చేసేవి ఎనిమిది ఉంటాయి.”

అద్దాల బీరువాలో దాని పక్కనే ఇంకో డబ్బా కనిపించింది. దాని మీద పదహారు.

“మరి అది?”

“అది పదహారు కోర్లది. వీడియోలు ఎడిటింగ్ చేసుకునేవాళ్ళు తీసుకుంటారు. ఆఫర్లో ఉంది, రేటు రెంటికీ ఇంచుమించు ఒకటే.”

నిమిషం ఆలస్యమైతే మోసపోయి ఉండేదాన్ని.

“ఒకటే రేటుకి పదహారు వస్తుంటే, నాకు ఎనిమిది ఇస్తున్నావా బాబూ?”

“పాప రాసింది ఎనిమిదిదే కదమ్మా.”

“ఆఫర్ సంగతి పాపకి తెలియదు కదా.”

పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే మామయ్య గారు నన్ను కూర్చోబెట్టి నేర్పిన సంగతి ఒకటుంది. తివాచీ కొనేటప్పుడు రంగు చూడకు, పువ్వు చూడకు. వెనక్కి తిరగేసి అంగుళంలో ఎన్ని ముడులున్నాయో లెక్కపెట్టు. ముడులు ఎన్ని ఎక్కువుంటే అంత మేలు రకం. అప్పటినుంచి నేను ఏది కొన్నా తిరగేసి చూస్తాను. దుప్పటి తిరగేస్తాను, చాప తిరగేస్తాను. ఆ రెండు డబ్బాలు కూడా తిరగేసి చూశాను. వెనకవైపు కూడా ఎనిమిది ఎనిమిదే, పదహారు పదహారే.

“విమానం ఆటకి ఇదే మంచిదమ్మా,” అన్నాడు చరణ్‌తేజ. “కోర్లు తక్కువే గానీ, చిప్పులోనే పక్కన మెమరీ ఎక్కువ పెట్టారు దీనికి...”

తక్కువది అంటగట్టడానికి ఇంత ఆత్రమెందుకో నాకు అర్థం కాలేదు. దాంట్లో ఏదో లోపం ఉండే ఉంటుంది. ఎవరో వెనక్కి ఇచ్చేసిన సరుకేమో.

అతనే నిలోఫర్‌కి ఫోను చేశాడు. స్విచాఫ్. పరీక్ష హాల్లో ఉంది మరి. నేను మా ఆయనకి చేశాను. అటుపక్క మిషన్ల చప్పుడు, ఎవరో తల్లి, “చొక్కా బిగుతైపోయిందండీ,” అని అరుస్తున్న చప్పుడు.

“ఏవండీ, చిన్నదా పెద్దదా? రేటు ఒకటేనట.”

“ఒక నంబరు పెద్దదే తీసుకో వహీదా. రేపు ఎదిగినా పనికొస్తుంది,” అని పెట్టేశారు.

ఇంక ఆలోచించేదేముంది? పదహారు తీసుకున్నాను.

చరణ్‌తేజ డబ్బా ఇస్తూ, మూత మీద మెరుస్తున్న బిళ్ళ చూపించాడు. “అమ్మా, ఒక్క మాట. ఈ సీల్ మాత్రం తియ్యకండి. పాప వద్దంటే రేపు సాయంత్రం లోపల తెచ్చెయ్యండి, మార్చి ఇస్తాను. సీల్ పోతే పైవాళ్ళు వెనక్కి తీసుకోరు. తర్వాత నేనేం చెయ్యలేను.”

“నేనెందుకు తీస్తాను బాబూ?” అన్నాను.

నిజంగానే అప్పుడు నాకా ఉద్దేశం లేదు.

తిరుగు రైల్లో డబ్బాని చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. చప్పుడు లేదు. ఇంకోసారి ఊపాను. అసలేం కదలడం లేదు. పక్క సీటావిడ చూసి, “ఏంటండీ అది?” అని అడిగి, నేను చెప్పగానే, “మా ఆడపడుచు వాళ్ళకి ఫోను డబ్బాలో బట్టల సబ్బు వచ్చిందండీ,” అంది.

ఆవిడ పుల్ల స్టేషన్లో దిగిపోయింది. సబ్బు నా దగ్గరే మిగిలిపోయింది. భీమడోలు దాటేదాకా ఓర్చుకున్నాను. దెందులూరు దగ్గర ఓర్చుకోలేకపోయాను. బ్యాగుకి పెట్టిన పిన్నీసు తీసి, సీల్ అంచు కింద మెల్లిగా, చాలా మెల్లిగా పెట్టాను.

చిప్పు ఉంది. పకోడీ ముక్కంత ఉంది. ఎంతో బుద్ధిగా ప్లాస్టిక్ గూట్లో పడుకుని ఉంది.

సీల్ మాత్రం మళ్ళీ అంటుకోలేదు. ఉమ్ముతో అంటించాను, బొటనవేలితో ఏలూరు దాకా అదిమి పట్టుకున్నాను. వేలు తీస్తే లేస్తోంది.

*

సాయంత్రం నిలోఫర్ బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది. “తెచ్చావా అమ్మీ?”

నేను డబ్బాని రెండు చేతులతో ముందుకి చాచాను. బొటనవేలు మాత్రం తియ్యలేదు. సీల్ సంగతి తర్వాత చెప్పొచ్చు, ముందు పిల్ల సంతోషపడనీ అనుకున్నాను.

పిల్ల సంతోషపడలేదు.

“ఇదేంటి?”

“పదహారు!”

“నేను రాసింది ఎనిమిది.”

“అదే రేటుకే! ఆఫర్! నువ్వు వెళ్ళుంటే సగం తెచ్చుకునేదానివి.”

నిలోఫర్ నేల మీద కూర్చుండిపోయింది. “సొంత తెలివి వద్దన్నాను కదా అమ్మీ.”

“రెండింతలు తెస్తే తిడతావేంటే? నీ చీటీలో ఎనిమిదికి తక్కువ వద్దనే కదా అర్థం. ఎక్కువైతే చేదా?”

“చేదే! దీనికి చేదే!”

అప్పుడే మా ఆయన మెడలో టేపుతో లోపలికొచ్చారు. నేను వెంటనే, “మీ నాన్నే చెప్పారు, పెద్దది తీసుకోమని,” అన్నాను.

“నేనెప్పుడు చెప్పాను?”

“మధ్యాహ్నం ఫోన్లో. ఒక నంబరు పెద్దదే తీసుకో, రేపు ఎదిగినా పనికొస్తుందన్నారు.”

“నేను చొక్కా అనుకున్నాను వహీదా!”

“గూడెం వెళ్ళి చొక్కా కొంటానా? టైలరు పెళ్ళాన్ని?”

“అబ్బూ, నవ్వకండి,” అంది నిలోఫర్. ఆయన నవ్వు ఆపుకోవడానికి టేపు కొస నోట్లో పెట్టుకున్నారు.

నిలోఫర్ నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు మొదలుపెట్టింది. “అమ్మీ, విమానం ఆటలో పనంతా ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది. మిగతావి చేతులు కట్టుకుని చూస్తుంటాయి. ఆ పని చేసేదానికి కావలసినవన్నీ దాని పక్కనే ఉండాలి. దూరంగా ఉంటే ప్రతిసారీ వెళ్ళి తెచ్చుకోవాలి. ఆ తెచ్చుకునేలోపల బొమ్మ ఆగిపోతుంది. అదీ ఎప్పుడు? సరిగ్గా రన్‌వే మీదకి దిగేటప్పుడు!”

“ఆగిపోతే విమానం పడిపోదూ?”

“పడిపోతుంది! అదే చెబుతున్నాను!”

“కానీ ముడులు ఎక్కువుంటే గట్టిగా...”

“అవి ముడులు కావమ్మీ!”

“మరేంటి?”

నిలోఫర్ నోరు తెరిచి, మూసింది. మా ఆయన టేపు మెడలోంచి తీసి చుట్టడం మొదలుపెట్టారు. గదిలో అందరం ఆ డబ్బా వైపే చూస్తూ కూర్చున్నాం.

వరండాలో చేతికర్ర చప్పుడైంది.

మామయ్య గారు గుమ్మంలోకి వచ్చారు. కాసేపు నిలబడ్డారు. తర్వాత గడప దాటి లోపలికి అడుగుపెట్టారు. పదకొండు రోజుల్లో మొదటిసారి. బల్ల దగ్గరికి కాదు, బీరువా దగ్గరికి వెళ్ళారు. దాని మీద నేను పాత చీరలో చుట్టి పెట్టిన మూటని కర్రతో చూపించారు.

మా ఆయన దించారు. అందులో సగం తివాచీ, మిగిలిన ఉన్ని ఉండలు. ఎర్రది, ఆకుపచ్చది, తెల్లది, ఒక్కోటీ రెండు. మామయ్య గారు తివాచీని నేల మీద పరిచారు. నేను కత్తెరతో కోసిన పోగులు అంచున వంకరటింకరగా పడి ఉన్నాయి. ఒక చోట పొడుగు, ఒక చోట పొట్టి. ఆయన వాటిని అరచేత్తో ఒకసారి దువ్వారు. నేను తల తిప్పుకున్నాను.

తర్వాత నిలోఫర్‌ని ఒక కొసన కూర్చోబెట్టి, మూడు రంగుల ఉండలు దాని మోకాలికి ఆనించి పెట్టారు. నన్నూ మా ఆయన్నీ రెండో కొసన కూర్చోమని సైగ చేశారు. మా ఉండలు తీసుకుని, పెరట్లోకి వెళ్ళి, బట్టలుతికే బండ మీద పెట్టి వచ్చారు.

“ఏంటండీ ఇది?” అన్నాను మా ఆయనతో మెల్లిగా.

“నాకు తెలిస్తే చెప్పనా?”

మామయ్య గారు కర్రతో తివాచీలోని ఎర్ర పువ్వు మీద తట్టారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఇల్లు మాది, ఆ సైగ అందరికీ తెలుసు. కోసిన పోగుల మీద ఎర్ర ముడి వెయ్యమని. నిలోఫర్ చెయ్యి చాచి, ఉన్ని తుంచి, ముడి వేసేసింది. నేను లేచి పెరట్లోకి వెళ్ళాలి.

వెళ్ళి వచ్చేసరికి కర్ర ఆకు మీద ఉంది. ఆకుపచ్చ. మా ఆయన లేచారు. ఆయన తెచ్చేలోపల కర్ర తెలుపు మీదకి పోయింది. నేను మళ్ళీ పెరట్లోకి. మళ్ళీ ఎరుపు. ఇద్దరం ఒకేసారి బయల్దేరి వెనక గుమ్మంలో గుద్దుకున్నాం. ఆయన నుదురు పట్టుకున్నారు, నేను తెల్ల ఉండ జారవిడిచాను, అది కుళాయి కింద తడిలోకి దొర్లింది. అన్నీ ఒకేసారి తెచ్చేసుకుందామని మా ఆయన ఒళ్ళో నింపుకోబోతే, మామయ్య గారి కర్ర ఠక్కుమని నేలని కొట్టింది. వీల్లేదు.

వీరరాఘవమ్మ గారు గోడ మీంచి, “ఏం పోయింది వహీదా? ఏం వెతుకుతున్నారు?” అన్నారు.

“ఏం లేదండీ, కంప్యూటర్!” అన్నాను పరిగెడుతూనే.

చివరికి మామయ్య గారు కర్ర ఎత్తి ఆపమన్నారు. నిలోఫర్ ఒక్కతే. ఇరవై రెండు ముడులు, వరసగా, పలువరసలా ఉన్నాయి. మేం ఇద్దరం. ఆరు. అందులో ఒకటి తడిది.

రొప్పుతూ కూర్చున్నాను. పదహారు మంది మా లాంటివాళ్ళు ఆ గుమ్మంలో గుద్దుకుంటున్నట్టు కళ్ళకి కట్టింది.

“అయితే కోర్లంటే ముడులు కావు,” అన్నాను. “మనుషులు.”

మామయ్య గారి కర్ర నేలని ఒక్కసారి తాకింది. మెల్లిగా.

“పక్కన మెమరీ అంటున్నావే, అది మోకాలి దగ్గర ఉన్ని ఉండ!” అన్నారు మా ఆయన.

నిలోఫర్ రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. “మా సారు సెమిస్టరంతా చెప్పారు దాదా, ఇంత బాగా మాత్రం చెప్పలేదు.”

మామయ్య గారు ఏమీ అనలేదు. కానీ వరండాలోకి వెళ్ళలేదు. బల్ల ముందు కుర్చీ లాక్కుని, గాజు పలకలోంచి ఆ పచ్చ బోర్డుని, ఫ్యాన్లని ఒక్కొక్కటే చూస్తూ కూర్చున్నారు.

నిలోఫర్‌కి ప్రాణం లేచొచ్చింది. “పర్లేదు అమ్మీ, రేపు సాయంత్రం దాకా మార్చుకోవచ్చని చరణ్ మెసేజ్ పెట్టాడు. సీల్ ఉంటే చాలట. ఇలా ఇవ్వు.”

నా బొటనవేలు డబ్బా మీదే ఉంది.

“ఇవ్వు అమ్మీ.”

ఇవ్వలేదు. నిలోఫరే తీసుకుంది. సీల్ మెల్లిగా, నా వైపు చూస్తున్నట్టు, పైకి లేచింది.

నిలోఫర్ దాన్ని వేలితో నొక్కి చూసింది.

“లోపల సబ్బు ఉందేమోనని,” అన్నాను.

“దేంతో తీశావు?” అన్నారు మా ఆయన.

“పిన్నీసుతో.”

“పిన్నీసు ఎవరిచ్చారు?”

“పొద్దున్న మీ అమ్మాయే పెట్టుకోమంది.”

ఆయన నవ్వబోయి, కూతురి మొహం చూసి మానేశారు. నిలోఫర్ అరవలేదు. అరిస్తే బాగుండేది. డబ్బాని బల్ల మీద పెట్టి, విమానం కర్రని చేత్తో అటూ ఇటూ కదుపుతూ నిలబడింది. దేనికీ తగిలించని కర్ర, ఊరికే కదులుతోంది. ఆదివారానికి ఆరు రోజులుంది.

నా చూపు నేల మీది తివాచీ మీద పడింది. ఇక్కడ ఆ వంకర పోగులు, బల్ల మీద ఆ లేచిన సీలు. రెండూ ఒకే చెయ్యి చేసిన పని.

నేను లేచి మామయ్య గారి కుర్చీ దగ్గరికి వెళ్ళాను. కొంగు తల మీదకి లాక్కున్నాను.

“మామయ్య గారూ, ఏదో అయిపోతుందని భయపడి, ఎవర్నీ అడక్కుండా విప్పెయ్యడం నాకు అలవాటైపోయిందండీ. మగ్గమూ అంతే, ఇదీ అంతే. మీ కాలి మీద దూలం పడుతుందని చూశాను గానీ, మిమ్మల్ని ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. తప్పు నాదేనండీ.”

ఆయన బోర్డు వైపే చూస్తున్నారు.

“ఇప్పుడు అడుగుతున్నాను. ఆ అబ్బాయి ఈ డబ్బా వెనక్కి తీసుకోనంటే ఏం చేద్దామండీ?”

వీరరాఘవమ్మ గారింట్లో కుక్కరు ఒక విజిల్ వేసింది. మా ఆయన టేపు చుట్టడం ఆపేశారు. రెండో విజిల్. వీధిలో ఎవరిదో స్కూటర్ ఆగి, మళ్ళీ కదిలిపోయింది. మామయ్య గారు వంగి, నేల మీద తడి ముడిని రెండు వేళ్ళతో పట్టుకుని, విప్పి, సరిగ్గా మళ్ళీ వేశారు. మూడో విజిల్ కూడా అయిపోయింది. ఇంక మూత పెట్టినట్టేననుకుని నేను వెనక్కి తిరిగాను.

“ఆ రోజు ఈ మాట అడిగుంటే, రెండో దూలం నేనే పట్టుకునేవాణ్ణి కదమ్మా.”

పదకొండు రోజులు వాడని గొంతు, కాస్త బొంగురుగా ఉంది. నిలోఫర్ చేతిలో కర్ర ఆగిపోయింది.

ఆయన డబ్బా అందుకుని, తిరగేసి వెనకవైపు చూసి, మళ్ళీ ఇటు తిప్పి, లేచిన సీల్ మీద తన బొటనవేలు పెట్టారు.

“పొద్దున్న నేనూ గూడెం వస్తాను. ఇది నా ఒళ్ళో ఉంటుంది, కాలవలో పడదు. ఆ అబ్బాయితో నేను మాట్లాడతాను.”